తూమెంత? కుంచమెంత?

కొల్లేటి చుట్టుపట్లను, ఏలూరు, తాడేపల్లిగూడెము పల్లెలలోను పూర్వము ధాన్యమును తూచుట అరుదు, కొలుచుటయే వాడుక. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. 1956లో మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము చేయబడెను. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు అమలులోనికి రాసాగెను. నేడు గూడెములో వడ్లబస్తా యనిన 75 కిలోలు. కుంచము అటుకెక్కినది. అయినను అది యింకను చెల్లుచున్న చోటు ఒకటి కలదు: మన తెలుగు బైబిలు.

తర్జుమా చేసినవారు ఓమెరు వంటి హెబ్రీ పేరులను కొన్నిచోట్ల అట్లే యుంచిరి. తక్కినచోట్ల పల్లెవానికి తెలిసిన కొలతలనే పెట్టిరి. అది మంచి పనియే. పరదేశపు పేరు వినిన రైతుకు ఏమి తోచును? కాని లెక్కకు దిగితిమా, చిక్కు వచ్చును. శారా పిసికిన పిండి (ఆది. 18:6) మూడు మానికలు, మత్తయి 13:33లో స్త్రీ పులియబెట్టిన పిండి మూడు కుంచములు. మన లెక్కలో రెండవది మొదటిదానికి నాలుగింతలు. మూలమునందో, రెండుచోట్లను ఒకే కొలత, సెయా!

హెబ్రీయుల లెక్క యిట్లుండెను. పది ఓమెరులు ఒక ఏఫా. మూడు సెయాలును ఒక ఏఫాయే. పది ఏఫాలు ఒక కోరు. నూనెకును ద్రాక్షారసమునకును వాడు బాతు ఏఫాతో సమానము. ఏఫా యెన్ని లీటర్లు? యూదుల చరిత్రకారుడైన యోసేఫసు లెక్కను బట్టి సుమారు 39. అయితే లాకీషు మొదలగు చోట్ల త్రవ్వకములలో బాతు అని హెబ్రీ అక్షరములు గల కుండపెంకులు దొరకెను. వాటినిబట్టి పండితులు సుమారు 22 లీటర్లని కట్టిరి. రాజుల కాలమునకు ఈ కుండల సాక్ష్యమే మేలని నాకు తోచుచున్నది.

ఇప్పుడు రూతును చూడుడి. ఆమె సాయంకాలమునకు దుళ్లగొట్టిన తూమెడు యవలు ఒక ఏఫా. అనగా దాదాపు 13 కిలోలు. అరణ్యములో ఒక్కనికి దినమునకు ఓమెరెడు మన్నా దొరకెను గదా! ఆ కొలతను బట్టి అత్తకును కోడలికిని అయిదు దినముల గ్రాసము. పరిగె యేరుకొను విధవరాలికి అది యెంత! నయోమి ఆశ్చర్యపడి, ఎవరి చేనిలో ఏరితివని అడుగుటలో వింత లేదు.

ఆమోసు 8:5లో వర్తకులు చిన్నది చేసిన తూమును ఈ ఏఫాయే. కూలికి గింజలు కొలిపించుకొనినవారికి ఆ వచనమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. తలగొట్టి కొలిచినదానికిని రాశిగా పోసి కొలిచినదానికిని గల భేదము వారి పిల్లల కడుపులే యెరుగును. అందుచేతనే యెహెజ్కేలు (45:9-11) అధిపతులను బలాత్కారము మానుడని గద్దించి, వెంటనే ఏఫాయు బాతును సమానముగా నుండవలెనని చెప్పెను.

క్రొత్త నిబంధనలో తూము మరల మారును. కానాలోని రాతిబానలు రెండేసి మూడేసి తూములు పట్టునవి. అక్కడి తూము గ్రీకు కొలత, సుమారు 39 లీటర్లు. ఆరు బానలకు కలిపి దాదాపు 470 మొదలు 700 లీటర్లు. పెండ్లియింటివారు ఎన్ని దినములు త్రాగుదురు!

లూకా 16:7లో ఋణస్థుడు అచ్చియున్న నూరు తూముల గోధుమలను రూతు తూముతో లెక్కించితిమా, 2,200 లీటర్లే యగును. కాని అక్కడ మూలమున నున్నది కోరు. 22 లీటర్ల ఏఫాతో లెక్క కట్టినను అది 22,000 లీటర్లు. మన బస్తాలలో దాదాపు 225. ఎనుబది అని వ్రాసికొమ్మని గృహనిర్వాహకుడు చెప్పిన ఒక్క మాటతో యజమానుని గాదెకు రాకుండపోయినవి 45 బస్తాలు.