మోత అన్నారు, తీసుకున్నారు, పేరు చెరిపేశారు: ఒక మెటల్ అభిమాని చరిత్ర పాఠం



ఈ వరుసలో ఈసారి సంగీతం గురించి రాస్తున్నాను. అదీ హెవీ మెటల్ గురించి. నేను మెటల్ మనిషిని. ఆ విషయం దాచుకోను, నా అభిప్రాయాలు కూడా దాచుకోను. బ్లాక్ సబాత్ 'ప్యారనాయిడ్' (1970) కార్మికుల బిడ్డలు చేసిన గొప్ప రికార్డుల్లో ఒకటి. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' (1971) లేకపోతే ఆ తర్వాత వచ్చిన మెటల్‌లో సగం లేదు. 'లెడ్ జెప్లిన్ 2' (1969) అద్భుతంగా ఉంటుంది, కానీ అందులో అప్పు ఎగ్గొట్టిన పాట ఉంది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1982)ని "పాప్ కదా" అని పక్కన పెట్టేవాడికి చెవులున్నాయి గానీ చరిత్ర తెలీదు. లివింగ్ కలర్ 'వివిడ్' (1988) వినకుండా హార్డ్ రాక్ మీద తీర్పులు చెప్పొద్దు.

వీటికి కారణాలు చెప్తాను. ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మన హాస్టళ్ళలో ఒక కొత్త మడి మొదలైంది. ఇంగ్లీషు మెటల్ వినే పిల్లలు తీన్మార్ వినే పిల్లల్ని చూసి నవ్వుతున్నారు. "అది మ్యూజిక్కా? మోత" అంటున్నారు. మరి యాభై అయిదేళ్ళ కింద మెటల్‌ని ఏమన్నారో వాళ్ళకి తెలుసా?

1. రేకు మిషన్ కింద వేళ్ళు

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అందులో ఆస్టన్ కార్మికుల పేట. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ ప్రాంతం అది. ఆ శిథిలాల మధ్య ఆడుకుంటూ పెరిగిన నలుగురు కుర్రాళ్ళు టోనీ అయోమీ, ఆజీ ఆస్‌బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్. ఆజీ కబేళాలో పని చేశాడు. కారు హారన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో రోజంతా ఆ హారన్ల శబ్దాన్ని సరిచేసే పని కూడా చేశాడు.

అయోమీది రేకుల ఫ్యాక్టరీ. 1965లో అతనికి 17 ఏళ్ళు. ఆ రోజుతో ఉద్యోగం మానేసి సంగీతంలోకి వెళ్ళిపోవాలనుకున్నాడు. సరిగ్గా ఆ చివరి రోజే మిషన్ కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి. అంటే గిటారు తీగల్ని నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళే. ఇక వాయించలేవన్నారు డాక్టర్లు. ఫ్యాక్టరీలో అతని పై అధికారి ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. జాంగో రోమా జాతివాడు, ఊరి బయట సంచార జీవితం గడిపిన కుటుంబం అతనిది. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, తీగలు నొక్కే చేతిలో ముఖ్యంగా రెండు వేళ్ళతోనే గిటారు పలికించిన మహానుభావుడు.

అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. అవి తీగ మీద జారిపోతుంటే, పాత తోలు జాకెట్ కత్తిరించి ఆ ముక్కలు అంటించాడు. తోలు అంటాక తీగ పట్టు దొరికింది. తోలు లేందే డప్పు పలకదని తెలిసిన మనకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. వేళ్ళకి నొప్పి తగ్గాలని సన్నటి తీగలు వేసుకున్నాడు. 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి తీగల్ని బాగా వదులు చేసి, శృతి కిందికి దించాడు. శబ్దం బరువెక్కింది, ముదిరింది. ఇవాళ మెటల్ అనగానే మన గుండెల్లో మోగే ఆ బరువు వెనక ఒక కార్మికుడి గాయం ఉంది.

వాళ్ళ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. మొత్తం వాయించి రికార్డు చేయడానికి పట్టింది ఒక్క రోజు. 'రోలింగ్ స్టోన్' పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దాన్ని తీసిపారేశాడు. అదే ఏడాది 'ప్యారనాయిడ్' వచ్చింది. ఆ ఆల్బమ్‌కి వాళ్ళు పెట్టాలనుకున్న పేరు 'వార్ పిగ్స్'. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. పెద్దలు యుద్ధం మొదలుపెడితే పేదల బిడ్డలు పోయి చావాలా అని నిలదీసే పాట అది. కంపెనీ ఆ పేరు వద్దని మార్పించింది. అయినా ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి పోయింది. విమర్శకులు మోత అన్నారు, కార్మికుల పేటల్లో పిల్లలు కొనుక్కున్నారు. అమెరికాలోని 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' వాళ్ళు వీళ్ళని లోపలికి రానిచ్చింది 2006లో.

2. ఆ గిటారు ఎవరిది?

ఇక్కడితో ఆపితే మెటల్ అభిమానులందరికీ బాగుంటుంది. పేద తెల్ల కార్మికుల విజయగాథగా ముగిసిపోతుంది. కానీ ఆస్టన్ కుర్రాళ్ళు మొదలుపెట్టింది బ్లూస్ బ్యాండ్‌గా. బ్లూస్ ఎవరిది? బానిసత్వం నుంచి బయటపడి, పత్తి చేలల్లో పాలేరుతనం చేసిన నల్లవాళ్ళది.

సిస్టర్ రొజెటా థార్ప్ పేరు ఎంతమంది విన్నారు? 1915లో ఆర్కన్సాలో పుట్టిన నల్ల మహిళ. చర్చి పాటల్ని ఎలక్ట్రిక్ గిటారు మీద ఉరకలెత్తించింది. 1944లో ఆమె రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే'ని తొలి రాక్ అండ్ రోల్ రికార్డుల్లో ఒకటిగా చెప్తారు. ఆ రోజుల్లో 'బిల్‌బోర్డ్' పత్రిక నల్లవాళ్ళ పాటల అమ్మకాలకి వేరే పట్టిక వేసేది. దాని పేరు 'రేస్ రికార్డ్స్'. అంటే జాతి రికార్డులు. ఊరికి వాడ ఎలాగో, ఆ పట్టిక అలాగ. 1949లో పేరు మార్చి 'రిథమ్ అండ్ బ్లూస్' అన్నారు. పేరు మారింది, పట్టిక మాత్రం విడిగానే ఉంది. రొజెటా 1973లో చనిపోతే ఆమె సమాధి మీద దశాబ్దాల తరబడి పేరు చెక్కిన రాయి కూడా లేదు. హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని గుర్తించింది 2018లో, అంటే బ్లాక్ సబాత్ తర్వాత కూడా 12 ఏళ్ళకి.

బిగ్ మామా థార్న్‌టన్ పాడిన 'హౌండ్ డాగ్' 1953లో ఆ విడి పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. పాట రాసింది ఇద్దరు తెల్ల కుర్రాళ్ళే, నిజమే. కానీ దానికి ఆ గర్జన ఇచ్చింది ఆమె. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు, లోకమంతా మోగింది. ఆమె తనకి వచ్చింది 500 డాలర్ల చెక్కు ఒక్కటే అని చెప్పుకుంది.

ఇప్పుడు ఆ అప్పు పాట. 'లెడ్ జెప్లిన్ 2'లో మొదటి పాట 'హోల్ లాట్టా లవ్'. దాని మాటలు విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన 'యూ నీడ్ లవ్' నుంచి వచ్చాయి. ఆల్బమ్ మీద డిక్సన్ పేరు లేదు. అతను 1985లో కోర్టుకెళ్ళాడు. 1987లో రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట కింద అతని పేరు ఉంటుంది. ఆ గిటారు మోత నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇష్టం ఉన్నంత మాత్రాన లెక్క మర్చిపోవాలా?

3. తగలబెట్టిన రికార్డులు

1979 జులై 12, చికాగో, కొమిస్కీ పార్క్. బేస్‌బాల్ మైదానం. స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత డిస్కో సంగీతం మీద యుద్ధం ప్రకటించాడు. ఒక డిస్కో రికార్డు తెస్తే టికెట్ 98 సెంట్లే. రెండు ఆటల మధ్య ఆ రికార్డుల కుప్పని మైదానంలో పేల్చేశారు. వేలమంది రాక్ అభిమానులు మైదానంలోకి దూకారు. రెండో ఆట జరగనే లేదు.

డిస్కో ఎవరిది? నల్లవాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు తలెత్తుకుని ఆడిన క్లబ్బులది. ఆ రోజు మైదానంలో పనిచేస్తున్న నల్ల కుర్రాడు విన్స్ లారెన్స్ తర్వాత ఒక మాట చెప్పాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కానివి కూడా ఉన్నాయట. నల్లవాళ్ళు పాడినవైతే చాలు, కుప్పలో పడ్డాయి. అదే చికాగోలో కొన్నేళ్ళకే నల్ల కుర్రాళ్ళు హౌస్ సంగీతాన్ని పుట్టించారు. ఆ విన్స్ లారెన్స్ వాళ్ళలో ఒకడు.

నిన్నటిదాకా మోత అనిపించుకున్నవాళ్ళే ఇవాళ ఇంకొకరి పాటని మైల అన్నారు. దీన్ని మడి అనకపోతే ఏమంటాం?

4. రంగును బట్టి పేరు

1981లో ఎమ్‌టీవీ మొదలైంది. "మాది రాక్ ఛానల్" అనే సాకుతో నల్ల కళాకారుల్ని దాదాపు చూపించేది కాదు. 1983లో డేవిడ్ బోవీ ఆ ఛానల్‌లోనే కూర్చుని ఎందుకు చూపించరని అడిగాడు. ఆ ఏడే 'బిల్లీ జీన్' ఆ తలుపు బద్దలుకొట్టింది. 'థ్రిల్లర్'లోనే ఉన్న 'బీట్ ఇట్'లో ఆ గిటారు సోలో వాయించింది ఎడ్డీ వాన్ హాలెన్, డబ్బు తీసుకోకుండా. మెటల్‌కీ పాప్‌కీ మధ్య గోడ వాయించేవాళ్ళు కట్టింది కాదు, అమ్మేవాళ్ళు కట్టింది.

1985లో వెర్నన్ రీడ్, గ్రెగ్ టేట్, కోండా మేసన్ న్యూయార్క్‌లో బ్లాక్ రాక్ కోయలిషన్ పెట్టారు. వాళ్ళు అడిగింది సూటి ప్రశ్న: మా తాతలు పుట్టించిన సంగీతం మేం వాయిస్తే వింతగా చూస్తారెందుకు? రీడ్ బ్యాండ్ లివింగ్ కలర్ చేసిన జవాబే 'వివిడ్'. 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ'కి 1990లో గ్రామీ వచ్చింది.

1992లో ఐస్-టీ బ్యాండ్ బాడీ కౌంట్ 'కాప్ కిల్లర్' పాడింది. పోలీసు దౌర్జన్యం మీద కోపంతో కట్టిన గిటారు పాట అది. పోలీసు సంఘాలు, రాజకీయ నాయకులు దాన్ని "ర్యాప్" అని తిట్టారు. చివరికి ఆల్బమ్ నుంచి పాట తీసేశారు. చెవితో వింటే అది మెటల్. పాడినవాడి రంగు చూసి దానికి వేరే పేరు పెట్టారు.

5. తీసుకోవడం నేరం కాదు

సంగీతం చేతులు మారుతూనే ఉంటుంది. దాచడమే దొంగతనం. బ్రెజిల్ మెటల్ బ్యాండ్ సెపల్టురా 'రూట్స్' (1996) కోసం షవాంటే ఆదివాసుల గూడేనికి వెళ్ళింది. వాళ్ళతో కలిసి కూర్చుని అక్కడే రికార్డు చేసింది, వాళ్ళ పేరు చెప్పింది. నా దృష్టిలో ఆ దశాబ్దపు గొప్ప మెటల్ రికార్డుల్లో అది ఒకటి. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు, అది అమెరికాలో బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నదని బాహాటంగా చెప్పుకున్నారు. తీసుకునే పద్ధతి అంటే అది.

మన దగ్గర ఏం జరుగుతోంది? డప్పు దరువు సినిమా పాటకి కావాలి, పెళ్ళి ఊరేగింపుకి కావాలి, రాజకీయ సభకి కావాలి. డప్పు కొట్టినవాడి పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రొజెటా సమాధి మీద లేని రాయి, మన డప్పు కళాకారుడికి దక్కని పేరు, రెండూ ఒకే కథ.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మెటల్ వినండి. గట్టిగా పెట్టుకుని వినండి. నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పండి, నేనూ చెప్తాను. కానీ పక్క గదిలో తీన్మార్ మోగుతుంటే "మోత" అనే ముందు ఆ మాట ఎవరెవరి మీద పడుతూ వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. మీ ఊళ్ళో డప్పు కొట్టే పెద్దాయన దగ్గరికి ఈ సెలవుల్లో వెళ్ళండి. ఆయన దరువులు ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ దరువు ఎప్పుడు కొడతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసుకోండి. అన్నిటికన్నా ముందు ఆయన పేరు రాయండి.

(ఇంకా ఉంది)