సవరణ పంపేవారు, స్వీకరించేవారు



గ్రంథపరిష్కర్తకు రెండు గుణాలు అవసరం. పరులు చూపిన దోషాన్ని అంగీకరించే వినయం ఒకటి, తగని సవరణను త్రోసిపుచ్చే స్థైర్యం మరొకటి. ఓపెన్ సోర్స్ చరిత్ర చదువుతున్నప్పుడు నాకు అడుగడుగునా ఈ పరిష్కర్తే స్ఫురించాడు. అక్కడ అతనిని మెయింటైనరు అంటారు. ఇతరులు పంపే సవరణను ప్యాచ్ అంటారు.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్, సరదాకొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, అందులో ఏమేమి ఉండాలో చెప్పమనీ కోరాడు. అదే లినక్స్‌కు నాంది. సవరణలు వెల్లువెత్తిన కొద్దీ మర్యాదలూ ఏర్పడ్డాయి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. ఏమి మార్చారన్నదే కాక, ఎందుకు మార్చారో వివరించాలి. 2003లో లినక్స్ కోడ్ యాజమాన్యంపై ఎస్‌సీఓ సంస్థ దావా వేసిన పిమ్మట, 2004 నుండి, ఆ సవరణ పంపే హక్కు తనకున్నదని పంపినవాడు పేరు వ్రాసి మరీ ధ్రువీకరించాలి.

ఇవన్నీ పంపేవాడికి విధించిన నియమాలు. స్వీకరించేవాడి నాలుకకు చాలాకాలం కళ్ళెం పడలేదు. టోర్వాల్డ్స్ పరుషవాక్కులు జగద్విదితాలు. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి కొన్ని వారాలు తప్పుకున్నాడు. ప్రవర్తనా నియమావళి వచ్చిందీ ఆ నెలలోనే.

ఇక రెండో వైపు చూడండి. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే ఉపకరణం. దాని భారాన్ని దాదాపు ఒక్కడే, జీతం లేకుండా మోసేవాడు. 2022లో, పని ఆలస్యమవుతోందని కొన్ని పేర్లతో నిష్ఠూరాలు మొదలయ్యాయి. అప్పటికే ఓపికగా సాయపడుతున్న ‘జియా టాన్’ అనే పేరుగల వ్యక్తి చేతికి క్రమంగా అధికారం చేరింది. 2024 ఫిబ్రవరి, మార్చి కూర్పులలో దొంగదారి దూరింది. ఆ పేరు వెనుక ఎవరున్నారో లోకానికి తెలియదు. నిష్ఠూరాలాడిన పేర్లు కూడా ఆ పన్నాగంలోనివేనని పలువురి అనుమానం.

ఇటువంటి సాఫ్ట్‌వేరు లైసెన్సులలో సాధారణంగా ‘ఏ పూచీ లేదు’ అనే షరతు ఉంటుంది. అనగా చట్టరీత్యా నిర్వాహకుడు వాడుకరికి ఋణపడిలేడు; సవరణ పంపినవానికి దానిని చేర్పించుకునే హక్కూ లేదు. ఇద్దరినీ కలిపి ఉంచేది మర్యాద ఒక్కటే. అందుచేత దానిని నేను అలంకారమనుకోను, ఆధారమనుకుంటాను. నిర్వాహకుడు కాదన్నప్పుడు కారణం చెప్పాలి. చేతకానప్పుడు ‘నావల్ల కాదు’ అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పినవాణ్ణి లోకం నిందించకూడదు. ఉచితంగా అందినదాన్ని హక్కుగా భావించి గద్దించేవాడు, తెలిసో తెలియకో, మోసగాడికి తలుపు తీస్తున్నాడు.

ఎక్స్‌జెడ్ గుట్టు రట్టు చేసినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లాగిన్ కావడానికి సుమారు అరసెకను అదనంగా పడుతోందని గమనించాడు. ఎవరినీ దూషించలేదు. కారణం వెదికి, 2024 మార్చి 29న ఆధారాలతో సహా అందరి ముందూ ఉంచాడు. సవరణ పంపదలచినవారికి అంతకు మించిన ఒరవడి నాకు కనబడలేదు.