గురులఘువుల గణితము

కంప్యూటరు శాస్త్రమును నేర్వదలచిన విద్యార్థి సాధారణముగా యంత్రముతో ఆరంభించును. కాని యంత్రములు మారిపోవును. 1956లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేసిన హెచ్.ఇ.సి. యంత్రముగాని, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించి 1960లో నడిపిన టిఫ్రాక్ గాని నేడు వాడుకలో లేవు. అయినను వానికిని నేటి యంత్రములకును సామాన్యములైన మూలసూత్రములు రెండు కలవు. రెండే గుర్తులతో అనేక విషయములను వ్రాయవచ్చుననుట మొదటిది. ఒక పనిని సందేహమునకు తావులేని మెట్లుగా విభజించినచో, దాని అర్థము నెరుగనివాడు సయితము దానిని నెరవేర్చగలడనుట రెండవది.

ఈ రెండింటికిని మన ఛందశ్శాస్త్రమున ప్రాచీనమైన ఉదాహరణము కలదు. పింగళాచార్యుడు క్రీస్తుకు పూర్వపు శతాబ్దములవాడని పండితులనేకుల అభిప్రాయము. అక్షరము గురువో లఘువో కావలెను, మూడవది లేదు. కావున మూడక్షరములకు ఎనిమిది రూపములే యుండును. వానిని ఒక వరుసలో నిలుపుటయే ప్రస్తారము. మగణముతో మొదలై య, ర, స, త, జ, భ గణముల మీదుగా నగణముతో అది ముగియును. తెలుగు పద్యమును గణవిభజన చేసిన ప్రతి విద్యార్థికిని ఇవి పరిచితములే.

ఇక ప్రస్తారములో ఆరవ వరుస చెరగిపోయినదనుకొందము. పట్టిక నంతయు తిరిగి వ్రాయకయే దానిని కనుగొను విధికి నష్టమని పేరు. సంఖ్య సరియైనచో లఘువు వ్రాసి సగము చేయవలెను. బేసియైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి సగము చేయవలెను. ఆరు సరిసంఖ్య: లఘువు, సగము మూడు. మూడు బేసి: గురువు, ఒకటి కలిపి సగము చేయగా రెండు. రెండు సరిసంఖ్య: లఘువు. లఘువు, గురువు, లఘువు: ఇది జగణము. ఛందస్సు తెలియని బాలుడును ఈ విధిని తప్పక నడపగలడు. కంప్యూటరునకు మనము వ్రాసియిచ్చు ప్రోగ్రాము స్వభావమును ఇదియే.

మంచి విధి శ్రమను తగ్గించును. ఇరువదినాలుగు అక్షరముల పాదమునకు రూపములెన్ని? రెండును ఇరువదినాలుగుమారులు గుణింపనక్కరలేదు. పింగళుని విధి ప్రకారము 24ను సగము చేయుచు పోగా 12, 6, 3, బేసి వచ్చినచోట ఒకటి తీసివేయగా 2, సగము 1, ఒకటి తీయగా సున్న. పిమ్మట ఒకటితో వెనుకకు మరలి, తీసివేసినచోట రెట్టింపును, సగము చేసినచోట వర్గమును చేయవలెను. 2, 4, 8, 64, 4,096, 1,67,77,216. ఆరు మెట్లలో పని ముగిసినది. నేటి యంత్రములును పెద్ద ఘాతములను ఇట్టి యుపాయముతోనే గణించుచున్నవి.

ఇంతమాత్రముచేత ప్రాచీనులకు కంప్యూటరు తెలియునని చాటుట సత్యము కాదు. పింగళుడు వృత్తములను లెక్కించెనేగాని యంత్రమును తలపోయలేదు. జర్మనుపండితుడు లైబ్నిజ్ 0, 1 అను రెండంకెల గణితమును వివరించిన 1703 నాటి వ్యాసమునకు పింగళుడు మూలమనుటకు ఆధారము లేదు. 1854లో బూల్ తర్కమును బీజగణితముగా మలచెను. 1936లో ట్యూరింగ్ విధిని అనుసరించు ఊహాయంత్రమును నిర్వచించెను. 1937లో షానన్ ఆ బూల్ గణితమును విద్యుత్తు స్విచ్చులతో నడపవచ్చునని చూపెను. వీరి శ్రమను మరచిన గర్వము మనకు జ్ఞానము నీయదు.

అయితే ఈ శాస్త్రము పూర్తిగా పరాయిదనియు, విలువగల యంత్రము లేక అందదనియు అధైర్యపడుటయు అంతే పొరపాటు. విధిని సూచించు అల్గారిథమ్ అను మాట తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో భారతీయాంకముల గణితమును గూర్చి గ్రంథము వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినది. విద్య దేశములు దాటుచునే పెరిగినది. యంత్రము లేని పాఠశాలలో సయితము పలకయు బలపమును గలచో, గురులఘువులతో ఈ శాస్త్రపు తొలి పాఠమును నేడే చెప్పవచ్చును.