తాతగారి రివాల్వర్ ఎక్కడిది?

పాత ఇళ్ళలో బీరువా అడుగున గుడ్డలో చుట్టి దాచిన రివాల్వర్ ఉంటే, దానికో కథ కూడా ఉంటుంది. "మా ముత్తాతకి కలెక్టరు దొర బహుమానంగా ఇచ్చాడు" అనో, "నిజాం దర్బారు నుంచి వచ్చింది" అనో. కథ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇనుము ఏం చెబుతుందో చూడాలి.

అంతకన్నా ముందు, లోపల తూటాలు లేవని ఆయుధాల గురించి తెలిసిన మనిషి చేత చూపించాలి. ఎమరీ పేపర్ పెట్టి రుద్దొద్దు. తుప్పుతో పాటు ముద్రలూ పోతాయి.

అందరూ మొదట వెతికేది పేరు. గొట్టం మీద "మాంటన్, కలకత్తా" అనో "రోడా, కలకత్తా" అనో కనిపిస్తే తయారుచేసింది వాళ్ళే అనుకుంటాం. కానీ ఇవి కలకత్తాలో తుపాకులు అమ్మిన పెద్ద షాపులు. విదేశాల నుంచి సరుకు తెప్పించి అమ్మేవి. 1914 ఆగస్టు 26న బెంగాలీ విప్లవకారులు ఎత్తుకుపోయిన 50 మౌజర్ పిస్తోళ్ళు రోడా కంపెనీ కోసం ఓడలో దిగినవే. ఆ మౌజర్లు జర్మనీవి.

అసలు సాక్ష్యం భూతద్దం పెడితే గానీ కనిపించని ముద్రల్లో ఉంటుంది. మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి కాల్చి, ఆయుధం పగలకపోతే పరీక్షాశాల వాళ్ళు ముద్ర కొట్టేవారు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. కిరీటం కింద బి.పి., బి.వి. అక్షరాలుంటే అది అక్కడ 1904లోనో ఆ తర్వాతో పరీక్షించినది. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ.ఎల్.జి. అని ఉంటే బెల్జియంలోని లియేజ్ ఊరిది. ఆ గుడ్డు మీద కిరీటం కూడా ఉంటే 1893కి ముందుది కాదు.

ఇక్కడే చాలా కుటుంబాలకి చిన్న నిరాశ ఎదురవుతుంది. బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ కంపెనీ 1872లో 'బ్రిటిష్ బుల్‌డాగ్' అనే రివాల్వర్ తెచ్చింది. పొట్టి గొట్టం, ఐదు తూటాలు, జేబులో పట్టేస్తుంది. లియేజ్ కార్ఖానాలు దానికి కుప్పలుతెప్పలుగా నకళ్ళు తీసి చవగ్గా అమ్మాయి. దొరగారి బహుమానం అనుకున్నది అలాంటి నకలు కావచ్చు. అంతమాత్రాన కథ అబద్ధమైపోదు, దొరలూ చవక సరుకు కొనేవారు.

ముద్రలు ఊరినీ కాలాన్నీ చెబుతాయి. చేతులు మారిన సంగతి వాటికి తెలీదు. దానికి లైసెన్సు కాగితాలు వెతకాలి. 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి తుపాకీ కావాలంటే లైసెన్సు ఉండాలి, యూరోపియన్లకి అక్కర్లేదు. కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక తెలుగు ఇంటికి రివాల్వర్ లైసెన్సు దొరికిందంటే సర్కారు ఆ ఇంటిని నమ్మిందన్నమాట. ఎందుకు నమ్మింది? ఇంట్లో చెప్పుకునే కథ సాధారణంగా ఈ ప్రశ్న దాకా రాదు.

నిజాం ఇలాకాలో ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. గడీలో తుపాకీ ఉందన్న సంగతి ఊరికి తెలిస్తే చాలు, అది పేలకపోయినా పని జరిగిపోయేది.

ఇప్పుడు మన బాధ్యత సంగతి. లైసెన్సుదారు చనిపోయాక, వారసులు తమ పేరున లైసెన్సు లేకుండా ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. 1959 చట్టం ప్రకారం పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. అప్పగించే ముందు నంబరు, ప్రతి ముద్ర, పిడి మీది గీతలు అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఆ తర్వాత తాతగారి ఊరు ఒకసారి వెళ్ళండి. మన బంధువుల ఇళ్ళకే కాదు, ఆ తుపాకీ ఉన్న ఇంటికి వెట్టి చేసినవాళ్ళ వీధికి కూడా. ఆ రివాల్వర్ గురించి మన ఇంట్లో ఎవరూ చెప్పని కథ అక్కడి ముసలివాళ్ళకి గుర్తుండొచ్చు.