బట్ట చీకట్లో, మనిషి వెలుగులో

రాజమండ్రిలో మా తాతయ్య బట్టల కొట్టు 8 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు. ఇప్పుడందులో నా బొటిక్ నడుస్తోంది. మరమ్మతులప్పుడు పాత తలుపు పలకలు విప్పితే, ఒక్కోదాని మీద ఉలితో చెక్కిన అంకె కనిపించింది. 1 నుంచి 11 దాకా. పొద్దున్నే వాటిని గాడిలోంచి వరసగా తీసి గోడకి ఆనిస్తే కొట్టు తెరిచినట్టు.

రెండు పక్కలా ఉమ్మడి గోడలు. వెలుగు వీధివైపు నుంచే రావాలి. అందుకే ముందు భాగంలో పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, బాలీసులు. మూల గల్లాపెట్టె, పైన లక్ష్మీదేవి పటం. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం పుణ్యమా అని ఆ లక్ష్మి ఇలాంటి కొట్లలోకీ వచ్చింది. బీరువాలు మాత్రం వెనక చీకట్లో. "ఎండ చూసిన చీర తొందరగా ముసలిదైపోతుందే" అనేవాడు తాతయ్య.

తెల్ల దుప్పటి దర్జా కోసం కాదు. కింద తెలుపుంటేనే చీర రంగు తేలుతుంది. అప్పటికీ నమ్మకం కుదరని ఆడవాళ్లు కొంగు పట్టుకుని మెట్ల దాకా వెళ్లి ఎండలో చూసుకునేవారు.

1956 నాటి కొలతల చట్టంతో మీటరు వచ్చింది. 36 అంగుళాల ఇనప గజంబద్ద మూలకి చేరింది. కొత్త బద్ద 3 అంగుళాల పైచిలుకు ఎక్కువ. కొలతబల్ల మీది ఇత్తడి మేకు ఆ మేరకు జరిగింది. పాత బెజ్జం ఇంకా అలాగే ఉంది. నోటికి మాత్రం ఇప్పటికీ 'ఆరు గజాల చీర' అనే వస్తుంది.

ఆ పరుపు అందరిదీ కాదు. చెప్పులు విడిచి ఎక్కి కూర్చునేది కొందరే. కూలినాలి చేసుకునేవాళ్లు మెట్టు దగ్గరే నిలబడి పంచె కొనుక్కెళ్లేవారు. ట్యూబులైటు, గాజు కౌంటరు వచ్చాక అందరూ నిలబడ్డారు. పరుపు పోయిందని బాధపడింది కూర్చున్నవాళ్లే.

నేను పలకల చోట నిలువెత్తు గాజు పెట్టించి, పెడన కలంకారీ చీర కట్టిన బొమ్మని అందులో నిలబెట్టాను. పడమటి ఎండ. మూడు నెలలకి చీర విప్పి చూస్తే, మడత లోపల పసుపు పసుపుగానే ఉంది, బయట గోధుమపిండిలా వెలిసిపోయింది. తాతయ్య మాట అప్పటికిగానీ తలకెక్కలేదు.

బట్టలు మళ్లీ వెనక బీరువాల్లోకి చేరాయి. పాత పలకల్లో ఆరింటితో మోకాలెత్తు బల్ల చేయించి, వీధి వెలుగులో వేసి, తెల్ల దుప్పటి పరిచాను. ఎవరైనా కూర్చోవచ్చు, చెప్పులు విడవక్కర్లేదు. దుప్పటి రోజూ మాస్తుంది. రోజూ ఉతికిస్తున్నాను.