దాగలి రోలరు తొడుగు

దాగలి రోలరు తొడుగు అనగా ముడతల అట్టను కావలసిన ఆకారంలో కత్తిరించే రోటరీ డై కటింగ్ యంత్రంలో, కత్తులకు ఎదురుగా తిరిగే ఉక్కు రోలరుపై అమర్చే పాలీయురేథేన్ పొర. ముడతల అట్టనే కారుగేటెడ్ బోర్డు అని కూడా అంటారు. తొడుగును ఆంగ్లంలో ఆన్విల్ కవర్ లేదా ఆన్విల్ బ్లాంకెట్ అని వ్యవహరిస్తారు. ఆన్విల్ అంటే కమ్మరి వాడే దాగలి. అయితే కమ్మరి దాగలి దెబ్బకు చెక్కుచెదరదు. ఈ దాగలి మాత్రం ప్రతి చుట్టులోనూ కత్తిని తన లోపలికి దిగనిస్తుంది. అందువలన ఇది అరుగుతుంది, దీనిని మార్చవలసి వస్తుంది. అరిగిన కొద్దీ అట్టపెట్టె కొలత కూడా మారుతుంది. ఈ తొడుగులకు జరిగిన మెరుగులన్నీ ఈ చిక్కును తగ్గించటానికి చేసిన ప్రయత్నాలే.

నేపథ్యం

ముడతలు పెట్టిన కాగితానికి మొదటి పేటెంటు 1856లో ఇంగ్లండులో లభించింది. అప్పట్లో దానిని పొడవాటి టోపీలకు లోపలి అస్తరుగా వాడేవారు. 1871లో అమెరికాకు చెందిన ఆల్బర్ట్ జోన్స్ దానిని గాజు సామాను చుట్టటానికి వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. 1874లో ఆలివర్ లాంగ్ ముడతల కాగితానికి చదునైన కాగితాన్ని అతికించి దానికి బలం చేకూర్చాడు. నేటి అట్ట దీని నుండి వచ్చినదే. రెండు చదునైన కాగితాల మధ్య ఒక ముడతల పొర ఉండే అట్టను మన వ్యాపార పరిభాషలో త్రీ ప్లై అంటారు. ముడత ఎత్తును బట్టి అట్ట మందం మారుతుంది. ఎ రకం సుమారు 5 మి.మీ., సి రకం సుమారు 4 మి.మీ., బి రకం సుమారు 3 మి.మీ., ఇ రకం ఒకటిన్నర మి.మీ. ఉంటాయి.

సాధారణ పెట్టెకు కొన్ని గాట్లు, కొన్ని మడత గీతలు ఉంటే సరిపోతుంది. పండ్ల ట్రేలు, చేతిపిడి రంధ్రాలున్న పెట్టెలు, దుకాణంలో నేరుగా నిలబెట్టే పెట్టెలు వంటివాటికి వంపులు, రంధ్రాలు, నాలుకలు కావాలి. వీటికి డై అవసరమౌతుంది. ప్లైవుడ్ చెక్కలో కావలసిన ఆకారంలో ఉక్కు కత్తి పట్టీలను బిగించి డైని తయారుచేస్తారు. చదునైన డైని అట్టపై నొక్కి కత్తిరించే పద్ధతి ఒకటి. వంపు తిరిగిన డైని రోలరుకు బిగించి, దాని క్రిందుగా అట్టను నడిపించే పద్ధతి రెండవది. చదునైన పద్ధతిలో కొలత కచ్చితంగా వస్తుంది కాని వేగం తక్కువ. రోలరు పద్ధతి గంటకు వేల అట్టలను కత్తిరించగలదు. భారతదేశంలోని చిన్న కర్మాగారాలలో చదునైన పంచింగ్ యంత్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. రోటరీ యంత్రాలు పెద్ద కర్మాగారాలలో, ముద్రణ యంత్రానికి అనుబంధంగా ఉంటాయి.

పనిచేసే విధానం

రోటరీ యంత్రంలో రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకదానిపై డై, రెండవదానిపై తొడుగు ఉంటాయి. రెండింటి మధ్య నుండి అట్ట వెళ్ళునప్పుడు కత్తి అట్టను చీల్చుకుని తొడుగులోకి సుమారు ఒకటి నుండి రెండు మి.మీ. లోతుకు దిగి, తిరిగి బయటకు వస్తుంది. కత్తి అంచు నున్నగా ఉండదు. రంపం వలె అంగుళానికి 8 నుండి 12 వరకు పళ్ళుంటాయి. పళ్ళ మొనలు ముందుగా అట్టను పొడిచి, తరువాత కోస్తాయి. ఈ పద్ధతిలో కత్తిరించిన పెట్టె అంచును దగ్గరగా చూస్తే సన్నని పంటి గుర్తులు కనిపిస్తాయి. చదునైన యంత్రంలో కత్తిరించిన అంచు ఇంతకన్నా నున్నగా ఉంటుంది. రోటరీ కోతను గుర్తుపట్టటానికి ఇది సులువైన ఆనవాలు.

ఉక్కుకు ఉక్కు తగిలేలా కోయటం కూడా సాధ్యమే. కాని అప్పుడు రెండు రోలర్ల మధ్య ఖాళీని అత్యంత సూక్ష్మంగా అమర్చాలి. ఏ మాత్రం తేడా వచ్చినా కత్తి మొద్దుబారుతుంది, లేదా అట్ట తెగదు. వెడల్పైన అట్టల యంత్రంలో రోలరు తన బరువుకే కొంత వంగుతుంది కాబట్టి ఈ పద్ధతి మరింత కష్టం. మెత్తని తొడుగు ఈ తేడాలను తనలో ఇముడ్చుకుంటుంది. 1960వ దశకం నుండి పాలీయురేథేన్ తొడుగులు వాడుకలోకి రావటంతో రోటరీ కోత ముడతల అట్టల పరిశ్రమలో స్థిరపడింది.

పదార్థం

పాలీయురేథేన్ రసాయన విధానాన్ని 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు కనుగొన్నారు. పాలియాల్, ఐసోసయనేట్ అనే రెండు రకాల రసాయనాలు కలిసి ఇది ఏర్పడుతుంది. తొడుగు తయారీలో ద్రవ రూపంలోని మిశ్రమాన్ని అచ్చులో పోసి, వేడిచేసి గట్టిపరుస్తారు. దీని అణు గొలుసులలో గట్టి భాగాలు, మెత్తని భాగాలు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. గట్టి భాగాలు చిరగకుండా పట్టి ఉంచుతాయి, మెత్తని భాగాలు సాగి తిరిగి యథాస్థితికి వస్తాయి. కత్తి బయటకు రాగానే గాటు పెదవులు మూసుకుంటాయి. చూసేవారికి గాయం మానినట్లు అనిపిస్తుంది కాని నిజానికి గాటు అక్కడే ఉంటుంది. అదే చోట కత్తి పదేపదే దిగితే గాట్లు కలిసిపోయి ముక్కలు ఊడిపోతాయి.

గట్టిదనం ఎంత ఉండాలన్నది తేలికగా తేలే విషయం కాదు. మరీ గట్టిగా ఉంటే కత్తి పళ్ళు త్వరగా అరుగుతాయి, తొడుగు పెచ్చులుగా లేస్తుంది. మరీ మెత్తగా ఉంటే అట్ట తెగకుండా తొడుగులోకి నొక్కుకుపోతుంది. అప్పుడు లోపలి ముడతలు నలిగి పెట్టె బలం తగ్గుతుంది. పాలియాల్ రకం కూడా ముఖ్యమే. పాలియెస్టర్ రకం కోతను, ఒరిపిడిని బాగా తట్టుకుంటుంది కాని వేడి, తేమ కలిసిన చోట క్రమంగా బలహీనపడుతుంది. పాలీయీథర్ రకం తేమను బాగా తట్టుకుంటుంది. సముద్రతీర ప్రాంతాలలో నిలువ ఉంచే తొడుగుల విషయంలో ఈ తేడాను గమనించాలి. చలికి పాలీయురేథేన్ గట్టిపడుతుంది. ఎడతెగని పనిలో లోపలి రాపిడి వలన వేడెక్కి మెత్తబడుతుంది. కాబట్టి ఉదయం సరిగా అమర్చిన లోతు మధ్యాహ్నానికి సరిపోకపోవచ్చు.

అరుగుదల, కొలత

తొడుగు మందం సాధారణంగా ఒక సెంటీమీటరు లోపే ఉంటుంది. అందులో రెండు మూడు మి.మీ. పోతే నష్టమేమిటి అనిపించవచ్చు. అయితే తొడుగు కత్తిని భరించటంతో ఆగదు, అట్టను ముందుకు లాగుతుంది కూడా. దాగలి రోలరు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య మారదు. తొడుగు అరిగితే చుట్టుకొలత తగ్గి, ఉపరితల వేగం తగ్గుతుంది. డై రోలరు మాత్రం పాత వేగంతోనే తిరుగుతుంది. అట్ట వెనుకబడటం వలన కత్తిరించిన ముక్క నడక దిశలో పొట్టిదౌతుంది.

ఉదాహరణకు తొడుగుతో కలిపి రోలరు వ్యాసం 420 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత 1,319.5 మి.మీ. అవుతుంది. తొడుగు 2 మి.మీ. అరిగితే వ్యాసం 416 మి.మీ.కి, చుట్టుకొలత 1,306.9 మి.మీ.కి తగ్గుతాయి. తేడా సుమారు ఒక శాతం. అట్టను లాగేది దాగలి రోలరు ఒక్కటే అయితే మీటరు పొడవు ముక్కలో సుమారు 9.5 మి.మీ. తగ్గుతుంది. డైపై కత్తుల పక్కన అంటించే రబ్బరు ముక్కలు కూడా అట్టను పట్టి నడుపుతాయి కాబట్టి ఆచరణలో తేడా ఇంతకన్నా తక్కువగా ఉంటుంది. అయినా యంత్రంతో పెట్టెను మడిచి సరుకు నింపే కర్మాగారంలో రెండు మూడు మి.మీ. తేడా కూడా యంత్రాన్ని ఆపివేయగలదు. అడ్డ దిశలో కొలత మారదు. కొలత ఒక దిశలోనే తప్పుతున్నదంటే ముందుగా అనుమానించవలసినది డైని కాదు, తొడుగును.

అన్నిచోట్లా సమానంగా అరిగితే సవరించుకోవటం కొంత సులభమే. కాని చాలా అట్టలు రోలరు మధ్య భాగం మీదుగానే వెళతాయి కాబట్టి మధ్యలో తొడుగు ఎక్కువగా అరిగి, అంచులలో ఎత్తుగా మిగులుతుంది. అప్పుడు అట్ట అంచులు ముందుకు, నడుమ వెనుకకు పోయి కోత గీత వంగుతుంది. మధ్యలో అట్ట తెగటం లేదని యంత్రం నడిపేవారు లోతు పెంచుతారు. దానితో అంచులలో కత్తి అవసరానికి మించి దిగి అక్కడా తొడుగు పాడౌతుంది. మొద్దుబారిన కత్తిని మార్చకుండా లోతు పెంచటం కూడా ఇటువంటిదే. తొడుగులు ఆయువు తీరకుండానే పోవటానికి నాసిరకం సరుకు కన్నా ఈ అలవాటే తరచుగా కారణమౌతుంది.

బిగింపులో వచ్చిన మార్పులు

తొడుగు ఒకే గొట్టంగా ఉండదు. తరచుగా సుమారు 25 సెం.మీ. వెడల్పు గల పలకలను రోలరు చుట్టూ చుట్టి, ఒకదాని పక్కన మరొకటి అమరుస్తారు. రోలరు పొడవునా ఒక గాడి ఉంటుంది. పలక రెండు కొసలు ఆ గాడిలో కలుస్తాయి.

తొలినాటి తొడుగులను బోల్టులతో బిగించేవారు. మార్చవలసి వచ్చినప్పుడు యంత్రాన్ని ఆపి, బోల్టులన్నీ విప్పి, కొత్త పలకను చుట్టి మళ్ళీ బిగించాలి. బోల్టు రంధ్రాలలో అట్ట ధూళి, పాలీయురేథేన్ పొట్టు కూరుకుపోయేవి. కత్తి బోల్టు తలకు తగిలితే విరిగేది. పని ఇంత కష్టం కావటంతో అరిగిన తొడుగును కూడా వీలైనంత కాలం అలాగే నడిపించేవారు. ఆ విధంగా బిగింపు లోపం కొలత లోపంగా మారేది.

తరువాత వచ్చిన బోల్టులేని తొడుగులలో పలక రెండు కొసలు వంగిన అంచులుగా ఉంటాయి. ఒక అంచును గాడిలో కూర్చి, రెండవదానిని దానిపైకి రబ్బరు సుత్తితో కొడితే రెండూ ఒకదానినొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఒక్కొక్క పలకకు కొద్ది నిమిషాలు చాలు. మరికొన్ని తొడుగులలో కొసలు చేతివేళ్ళు పెనవేసినట్లు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. వీటిలో అతుకు వద్ద నేరుగా అడ్డగీత ఉండదు కాబట్టి కత్తి అతుకుపై పడినా అట్ట తెగకుండా మిగలటం తక్కువ.

పాలీయురేథేన్ మాత్రమే అయితే వేల దెబ్బలకు సాగిపోయి రోలరుపై వదులౌతుంది. అందుచేత అడుగున పలుచని ఉక్కు రేకును గాని, గాజునార లేదా నేత గుడ్డను గాని అతికిస్తారు. ఉక్కు అడుగు సాగదు కాని బరువు. గుడ్డ అడుగు తేలికగా వంగి చేతికి అనువుగా ఉంటుంది. అడుగుకూ పై పొరకూ మధ్య అతుకు ఊడితే మంచి పాలీయురేథేన్ ఉన్నా తొడుగు పనికిరాదు.

అరుగుదలను పంచే పద్ధతులు

కత్తి ప్రతిసారీ ఒకే చోట దిగకుండా చూడటం మొదటి ఉపాయం. రెండు రోలర్ల పళ్ళచక్రాలకు సమాన సంఖ్యలో పళ్ళుంటే ప్రతి చుట్టులో కత్తి అదే గాటులో పడుతుంది. ఒకదానికి 120, రెండవదానికి 121 పళ్ళుంటే, 120 పళ్ళ చక్రం 121 చుట్లు తిరిగిన తరువాత గాని అదే స్థానం మళ్ళీ రాదు. ఇంత చిన్న మార్పుతో గాట్లు తొడుగంతా పరచుకుంటాయి. దీనికి తోడు దాగలి రోలరును కొద్ది దూరం ఆ పక్కకూ ఈ పక్కకూ నెమ్మదిగా జరిపే ఏర్పాటు కూడా యంత్రాలలో ఉంటుంది.

రెండవది పలకల స్థానాలు మార్చటం. అంచులలోని పలకలను మధ్యకు, మధ్యవాటిని అంచులకు తెస్తారు. ఒక్కొక్క పలకను కొసలు తారుమారు చేసి కూడా చుట్టవచ్చు. దీనికి ఖర్చు ఉండదు. అయినా పని ఒత్తిడిలో మొదట వాయిదా పడేది ఇదే.

యంత్రంపైనే తొడుగును చెక్కే పరికరం మూడవది. ఎత్తుపల్లాలు ఏర్పడిన ఉపరితలం నుండి పలుచని పొరను తీసివేసి, రోలరును మళ్ళీ గుండ్రంగా, సమంగా చేస్తారు. ఆయువు పెంచటానికి ఉన్న పదార్థాన్నే తీసివేయటం వింతగా తోచవచ్చు. కాని ఉపరితలం సమమైతే తక్కువ లోతుతోనే అట్ట తెగుతుంది, ఆపై అరుగుదల నెమ్మదిస్తుంది. చెక్కిన తరువాత వ్యాసం తగ్గుతుంది కాబట్టి దాగలి రోలరుకు విడిగా మోటారు ఉన్న యంత్రాలలో కొత్త వ్యాసాన్ని నమోదు చేస్తారు. మోటారు అందుకు తగినట్లు చుట్ల వేగాన్ని పెంచి ఉపరితల వేగాన్ని నిలుపుతుంది.

స్వేచ్ఛగా తిరిగే తొడుగులు

పై పద్ధతులలో తొడుగు రోలరుకు గట్టిగా బిగిసి ఉంటుంది. రోలరుకు బిగించకుండా దానిపై జారనివ్వటం మరొక మార్గం. ఈ రకంలో రోలరుపై ముందుగా నున్నని, రాపిడి తక్కువ గల పొరను అమర్చి, దానిపై తొడుగును కడియంలా చుడతారు. దాని కొసలు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి కాని రోలరు గాడిలో దిగవు. కత్తులు, అట్ట తొడుగును పట్టి నడిపినప్పుడు అది రోలరుపై కొద్దిగా జారి వాటి వేగాన్నే అందుకుంటుంది. ఉపరితల వేగాన్ని రోలరు చుట్లు నిర్ణయించవు కాబట్టి అరిగి వ్యాసం తగ్గినా పెట్టె కొలత దాదాపు స్థిరంగా ఉంటుంది. పక్కపక్క పలకలు వేరువేరుగా అరిగినా ఒక్కొక్కటీ తన జారుడును తానే సవరించుకుంటుంది. విడి మోటారు లేని పాత యంత్రాలకు ఇది ప్రత్యేకంగా ఉపయోగకరం. అయితే కాగితపు ధూళి అడుగుకు చేరితే జారుడు తగ్గి తొడుగు మామూలు తొడుగులాగే ప్రవర్తిస్తుంది. అందుచేత శుభ్రపరచటం తప్పనిసరి.

వాడిన తొడుగులు

పోతపోసిన ఈ రకం పాలీయురేథేన్‌ను సాధారణ ప్లాస్టిక్ వలె కరిగించి మళ్ళీ అచ్చు పోయటం వీలుకాదు. ఉక్కు అడుగున్న తొడుగులలో లోహాన్ని వేరుచేసుకోవచ్చు కాని గట్టిగా అతికిన పొరను ఒలవటం శ్రమతో కూడిన పని. నడుస్తున్న తొడుగు నుండి రాలే పొట్టు మరొక ఇబ్బంది. అది అట్టలతో పాటు ముందుకు పోయి పెట్టెలలో చేరుతుంది. పండ్లు, ఆహార పదార్థాలు నింపే పెట్టెల విషయంలో ఇది చిన్న లోపం కాదు. పెట్టెల దొంతరలో పొట్టు కనిపించటం మొదలైనప్పుడు కత్తి లోతును, పలకల ఉపరితలాన్ని వెంటనే పరీక్షిస్తారు.