పాత ఇంటికి కొత్త వైరింగ్: ఖర్చు అంచనా ఎలా వేయాలి?

కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ ఒడ్డున ఉంటుంది మెటియాబ్రుజ్. పేరుకు అర్థం మట్టి బురుజు. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను కలుపుకున్నాక నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి వచ్చి, 1887లో మరణించేదాకా ఇక్కడే గడిపాడు. ఈ వైపు తెలుగువారికి పూర్తిగా కొత్తదేమీ కాదు. పక్కనున్న గార్డెన్ రీచ్‌లోనే ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది.

ఇప్పుడు మెటియాబ్రుజ్ అనగానే గుర్తొచ్చేది రెడీమేడ్ బట్టల వ్యాపారం. ఓస్తాగర్లు అని పిలిచే దర్జీ యజమానులు చాలామంది ఇంట్లోనే కార్ఖానా నడుపుతారు. ఒక అంతస్తులో కటింగ్, మరోదాంట్లో కుట్టు, ఇంకోదాంట్లో కాపురం. పనివాళ్లు మిషన్ల పక్కనే పడుకునే చోట్లూ ఉన్నాయి. ఎప్పుడో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్ల కోసం లాగిన తీగల మీద ఇవాళ మోటార్లు, ఇస్త్రీపెట్టెలు నడుస్తున్నాయి. అలాంటి ఇంటిని బాగు చేయించేటప్పుడు కరెంటు పని ఎస్టిమేట్‌లో జరిగే పొరపాటు డబ్బుతో పోదు, ప్రాణాల మీదికి వస్తుంది.

పాయింటు లెక్క ఎక్కడ తప్పుతుంది?

మన దగ్గరైనా, అక్కడైనా ఎలక్ట్రీషియన్ ముందుగా చెప్పేది ‘పాయింటుకు ఇంత’ అన్న ధర. కొత్త ఇంట్లో ఈ లెక్క సరిపోతుంది. గోడలు ఖాళీగా ఉంటాయి, పైపులు శ్లాబులోనే వేస్తారు, పాయింట్లు ఎన్నో ప్లాన్‌లోనే కనిపిస్తాయి. పాత ఇంట్లో ఖర్చును పెంచేవి పాయింట్లు కావు. గోడ లోపల ఏముంది, మీటరు నుంచి పైఅంతస్తుకు వెళ్లే మెయిన్ లైన్ ఎంత లావు, ఎర్తింగ్ ఉందా లేదా అన్నవే ఖర్చును తేలుస్తాయి. పాయింటు ధరలో ఇవేవీ ఉండవు. పని సగంలో ఒక్కొక్కటిగా బయటపడతాయి. అప్పుడు యజమాని ముందు రెండే దారులుంటాయి: అదనంగా చెల్లించడం, లేదా పాత తీగకే కొత్తది ముడివేసి పైన ప్లాస్టరింగ్ చేయించడం. ప్రమాదం ఉండేది ఈ రెండో దారిలోనే.

మొదటి ఖర్చు తనిఖీదే

ఎస్టిమేట్‌కు ముందు తనిఖీకి విడిగా డబ్బు ఇవ్వడం దండగ కాదు. పాత ఇళ్లలో టేకు బద్దల మీద బిగించిన బ్యాటెన్ వైరింగ్, చెక్క కేసింగ్, రబ్బరు తొడుగు తీగలు, ఆ తర్వాతి కాలపు అల్యూమినియం తీగలు కలిసి కనిపిస్తాయి. రబ్బరు ఎండి పొడిగా రాలుతుంది. అల్యూమినియం తీగ బిగింపుల దగ్గర వదులై వేడెక్కుతుంది, దాన్ని రాగి తీగతో నేరుగా మెలివేస్తే ఆ ముడి త్వరగా పాడవుతుంది.

కంటికి కనిపించనిది మెగ్గర్ చెబుతుంది. 230 వోల్టుల ఇంటి వైరింగ్‌ను 500 వోల్టుల డీసీతో పరీక్షించినప్పుడు ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగాఓమ్ ఉండాలి. ఒక్కో సర్క్యూట్‌కు వచ్చిన రీడింగును కాగితం మీద రాయించుకుంటే, ఏ తీగ ఉంచాలో ఏది తీసేయాలో అన్న వాదన ఉండదు. నది పక్కన, వానాకాలమంతా చెమ్మ పట్టే గోడల్లో ఈ పరీక్ష వర్షాలప్పుడు చేయిస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది.

లోడు లెక్క

ఉదాహరణకు ఒక ఇంట్లో 400 వాట్ల మోటారుతో నడిచే కుట్టుమిషన్లు 12, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 3, 20 వాట్ల లైట్లు 20, 70 వాట్ల ఫ్యాన్లు 10 ఉన్నాయనుకుందాం. మొత్తం 8,900 వాట్లు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద ఇది దాదాపు 39 ఆంపియర్లు. మోటార్ల పవర్ ఫ్యాక్టర్ తక్కువ కాబట్టి నిజంగా ప్రవహించేది ఇంకా ఎక్కువే. అదే లోడును మూడు ఫేజులకు సమంగా పంచితే ఒక్కోదాని మీద దాదాపు 13 ఆంపియర్లు పడుతుంది.

మామూలు ఇళ్లకు ‘అన్నీ ఒకేసారి నడవవు’ అని కొంత తగ్గించి లెక్కిస్తారు. కార్ఖానా ఇంటికి ఆ తగ్గింపు వర్తించదు. వారాంతపు హాట్‌కు ముందు, ఈద్‌కు ముందు, దుర్గాపూజకు ముందు అన్నీ ఒకేసారి నడుస్తాయి. అందుకే ఎస్టిమేట్‌లో మెయిన్ కేబుల్, త్రీఫేజ్ డీబీ, ఇస్త్రీపెట్టెలకు విడి సర్క్యూట్లు తప్పక ఉండాలి. మంజూరైన లోడు చాలకపోతే సరఫరా సంస్థ సీఈఎస్‌సీకి పెంపు దరఖాస్తు పెట్టాలి. ఆ చార్జీలు, పట్టే సమయం కూడా లెక్కలోకి రావాలి.

గోడలు, పైకప్పు, ఎర్తింగ్

సున్నం, సుర్ఖీతో కట్టిన లావు గోడకు గాడి కొడితే పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. దూలాల మీద పెంకులు పరిచిన పైకప్పులో పైపు దాచే వీలే లేదు. ఇలాంటి చోట గోడపైనే పైపు వేయడం చవక, భద్రం, రేపు మరమ్మతుకూ తేలిక. యజమాని కన్సీల్డ్ వైరింగే కావాలంటే గాడి, ప్లాస్టరింగ్, రంగుల ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

ఒకప్పుడు చాలా ఇళ్లలో ఇనుప నీటిపైపే ఎర్తింగ్. ఆ పైపు ప్లాస్టిక్‌కు మారిన రోజే ఎర్తింగ్ పోయింది, ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో కొత్త ఎర్త్ పిట్ ఎక్కడ తవ్వాలన్నదే సమస్య. ఎస్టిమేట్‌లో ‘ఎర్తింగ్ ఒకటి’ అని రాస్తే చాలదు, చోటు చూపించాలి. ఎర్తింగ్‌తో పాటు ఇళ్లకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. దాన్ని పాత తీగల మీద పెడితే మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. అప్పుడు కొందరు దాన్నే తీసేయిస్తారు. తప్పు ఆర్‌సీసీబీది కాదు, తీగలది.

మీటర్లు మెట్ల కింద ఉంటే వాటిని మార్చే ఖర్చూ వేయాలి. అక్కడ మంట పుడితే పైవాళ్లకు దిగే దారి ఉండదు. 2010 మార్చి 23న పార్క్ స్ట్రీట్‌లోని పాత భవనం స్టీఫెన్ కోర్ట్‌లో మంటలు లేచి 43 మంది మరణించారు. వారిలో చాలామంది పైఅంతస్తుల్లో చిక్కుకున్నవారే.

ఎస్టిమేట్ కాగితంలో ఏముండాలి?

మంచి ఎస్టిమేట్ మూడు భాగాలుగా ఉంటుంది. మొదటిది ఖాయమైన పని: డీబీ, ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, ఎర్తింగ్, మెయిన్ కేబుల్, పాయింట్లు. కేబుల్ మందం, కంపెనీ, ఐఎస్ నంబరు రాసి ఉండాలి. రెండోది గోడ తెరిస్తే గాని తేలని పని: మీటరుకు ఇంత, పాయింటుకు ఇంత అని ధర మాత్రం ముందే ఖరారు చేసి, కొలత తర్వాత వేస్తారు. దీనికి మొత్తంలో 10 నుంచి 15 శాతం పక్కన పెట్టుకోవడం మేలు. మూడోది మరిచిపోయే ఖర్చులు: పని జరిగే రోజుల్లో తాత్కాలిక లైను, పాత సామాను తొలగింపు, చివరి పరీక్ష, జీఎస్టీ.

ఇల్లు ఖాళీ చేయకుండా చేసే పని కాబట్టి ఏ అంతస్తుకు ఏ రోజు కరెంటు తీస్తారో కూడా రాయించుకోవాలి. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంతకం చేసిన పరీక్ష నివేదిక చేతికి వచ్చాకే చివరి వాయిదా చెల్లించాలి.

ఈ లెక్క మెటియాబ్రుజ్‌కే పరిమితం కాదు. హైదరాబాద్ పాతబస్తీలో, విజయవాడ వన్‌టౌన్‌లో కింద దుకాణం, పైన కాపురం ఉన్న పాత ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. రెండు ఎస్టిమేట్లు చేతికి వచ్చినప్పుడు మొత్తం అంకె కంటే ముందు తనిఖీ రీడింగులు, లోడు లెక్క ఏ కాగితంలో ఉన్నాయో చూడండి. అవి లేని తక్కువ ధర, అసలు పనిలో సగాన్ని లెక్కలోకి తీసుకోని ధర.